గడియారం దగ్గరే ఆగిపోయాం

సాలార్‌జంగ్ మ్యూజియం చూశారా అని ఎవరైనా అడిగితే "ఓ, చూడకేం!" అంటాం. ఏం చూశారంటే మాత్రం ఠక్కున గడియారం పేరే చెబుతాం. నేనూ అంతే లెండి. పరిగిలో మా బడి పిల్లలందర్నీ ఒక బస్సులో కుక్కి హైదరాబాదు తీసుకెళ్ళిన రోజున నాకు పదేళ్ళు. పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మన్నెగూడ దాటాక చేవెళ్ళ దారిలో మర్రిచెట్లు లెక్కపెడుతూ వెళ్ళాను. లోపల మా మాస్టారు చెప్పిన పాఠం రెండే మాటలు: "ముట్టుకోకండి", "నడవండి". గడియారంలోంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టిపోయింది. చప్పట్లు కొట్టాం. అంతే, విహారయాత్ర ముగిసింది.

ఆయన్ని తప్పు పట్టను. ఏది ఎలా చూపించాలో ఆయనకి మాత్రం ఎవరు చెప్పారు గనక?

ఈ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది సుమండీ. మూడవ సాలార్‌జంగ్ 1949లో పోయాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఉన్నదల్లా మేడల నిండా వస్తువులే. వాటినన్నిటినీ ఒక వరసలో పెట్టే పని వెల్లోడి ప్రభుత్వం జేమ్స్ కజిన్స్‌కి అప్పగించింది. ఈ కజిన్స్ మనకి బొత్తిగా కొత్తవాడేం కాదు. మదనపల్లె కాలేజీలో పనిచేసిన ఐరిష్ కవి. 1919లో రవీంద్రుడు 'జనగణమన'ని ఇంగ్లీషు చేసింది ఆయన దగ్గర అతిథిగా ఉన్నప్పుడే. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూగారు మ్యూజియం తెరిచారు. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది.

వస్తువులు పేర్చడం ఒక ఎత్తు, వాటిచేత మాట్లాడించడం ఇంకో ఎత్తు. అమెరికాలోని బోస్టన్ మ్యూజియం 1907లోనే, చూడ్డానికి వచ్చినవాళ్ళకి దగ్గరుండి వివరించే మనుషుల్ని పెట్టి, వాళ్ళకి 'డోసెంట్' అని పేరిచ్చింది. 1952లో యునెస్కో బ్రూక్లిన్‌లో, విద్యలో మ్యూజియాల పాత్ర మీద దేశదేశాలవాళ్ళని కూర్చోబెట్టి సదస్సు జరిపింది. అదే ఏడు మన బరోడా విశ్వవిద్యాలయంలో మ్యూజియం పనికంటూ ప్రత్యేకంగా చదువు మొదలైంది. సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం, అదే సి.సి.ఆర్.టి., 1979లో వచ్చాక పంతుళ్ళకీ పంతులమ్మలకీ కట్టడాలూ మ్యూజియాలూ చూపించి, పాఠంలో వాటినెలా వాడుకోవాలో నేర్పడం మొదలైంది.

మా పెద్దమ్మ కూతురు పరిగి దగ్గరే టీచరు. ఆ మధ్య అలాంటి శిక్షణకే వెళ్ళొచ్చింది. "ఏం నేర్పిన్రక్కా?" అన్నాను. "తక్కువ చూపెట్టుమన్నరు చెల్లె" అంది.

నవ్వాను గానీ, తరవాత ఆమె క్లాసుకి వెళ్ళి చూశాను. మ్యూజియానికి వెళ్ళే ముందు వారం ఇళ్ళల్లోంచి పాత సామాను తెమ్మంది. కందీలు, కంచు గిన్నె, మానిక, ఎద్దు మెడలో గంట వచ్చాయి. ఎవరు చేశారు, దేంతో చేశారు, ఎందుకు మూలన పడింది అని అడిగింది. తరవాత ఒక బొమ్మ ముఖం మీద తడిపిన పల్చటి గుడ్డ కప్పి, "ముక్కు ఎట్ల కనబడుతుందో చూడున్రి" అంది. అంతే. రెబెకా గురించి ఒక్క ముక్క చెప్పలేదు!

మ్యూజియంలో మూడే వస్తువులు చూపించింది. గడియారం వాటిలో లేదు. (పిల్లలు గొడవ చేశారనుకోండి, చివర్లో చూపించక తప్పలేదు.) మేలిముసుగు రెబెకా ముందు మాత్రం అందర్నీ కింద కూర్చోబెట్టింది. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీ వెళ్ళినప్పుడు కొన్నాడు. ముసుగూ రాయే, ముసుగు వెనక కళ్ళూ రాయే.

ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. తండ్రిది తాండూరు బండల గనిలో పని. "మా బండ పొరలు పొరలుగ లేస్తది టీచర్. గీ రాయి ఎందుకు లేవలే?"

అక్క నావైపు చూసింది. నేనేమో డిగ్రీలో చరిత్ర చదువుకున్నదాన్ని, నవలలు రాసేదాన్ని, నాకూ తోచలేదు. అక్కడి గైడే వాడి పక్కన కూర్చుని చెప్పాడు. తాండూరు రాయి బురద పొర మీద పొర పేరుకుని అయింది, అందుకే పలకలుగా విడుతుంది, మన ఇళ్ళల్లో పరుచుకుంటాం. పాలరాయి కూడా ఒకప్పుడు సున్నపురాయే, భూమి లోపల వేడికీ ఒత్తిడికీ పొరలు పోయి గట్టిపడింది, అందుకే ఉలి ఎటు తిప్పితే అటు వస్తుంది. పిల్లవాడు కాసేపు ఆలోచించి, "అయితే ఇద్దరూ అన్నదమ్ములే" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళానో అక్కడికి! చుట్టాలొస్తే చూపించడానికి, ఎండనపడి చల్లగా ఉంటుందని కూడా వెళ్ళాను. ఆ బొమ్మ ముందు కూర్చోవడం మాత్రం అదే మొదలు.

ఇప్పుడు అక్కకి బదిలీ అయింది. శిక్షణ పొందిన టీచరు వెళ్ళిపోతే ఆ విద్యా ఆవిడతోపాటే సంచీ సర్దుకుంటుందేమో అని నా బెంగ. పోయిన ఆదివారం ఇంటికి వెళ్తే, కొత్తగా వచ్చిన పంతులమ్మ కోసం నోటుపుస్తకంలో అన్నీ రాస్తూ కూర్చుంది. తడి గుడ్డ సంగతీ, మానిక సంగతీ, గనిలో పనిచేసేవాళ్ళ పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టాలన్న సంగతీ ఉన్నాయి. అన్నిటికంటే పైన, ఎర్ర సిరాతో: "శుక్రవారం మ్యూజియం సెలవు. బస్సు మాట్లాడుకునే ముందే చూసుకోవాలె."