రంగంలో తెలుగు స్తుతి

బర్మా వెళ్ళిన తెలుగువారి చరిత్ర సాధారణంగా ఓడలతో, ధాన్యపు మిల్లులతో, మేస్త్రీల అప్పులతో మొదలవుతుంది. ఉత్తరాంధ్ర జనం ‘రంగం’ అని పిలుచుకున్న రంగూన్‌లో వారికి ‘కోరంగీలు’ అని పేరు. గోదావరి ముఖంలోని కోరంగి రేవే ఆ పేరుకు మూలం. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయుల సంఖ్య పది లక్షలు దాటింది. రంగూన్ జనాభాలో సగానికి పైగా వారే. ఆ కూలీ జనంలో క్రైస్తవులు కొద్దిమంది. అయినా వారి ఆరాధన చరిత్ర ఒక పెద్ద ప్రశ్నను ముందుకు తెస్తుంది. సొంత నేల, సొంత ఆలయం, స్థిరమైన జీవనం లేని సంఘం క్రీస్తును నమ్మకంగా స్తుతించడమంటే ఏమిటి?

బర్మాకూ తెలుగు నేలకూ మధ్య మిషనరీల రాకపోకలు చిత్రమైన దారిలో సాగాయి. అమెరికన్ బాప్టిస్టు అదోనిరాం జడ్సన్ 1813లో రంగూన్ చేరాడు. తెలుగు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టుల పని 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై 1840లో నెల్లూరులో నిలదొక్కుకుంది. కెనడాలోని నోవాస్కోషియాకు చెందిన హన్నా మరియా నోరిస్ 1870లో కరెన్ ప్రజల మధ్య పనిచేయడానికి బర్మా బయలుదేరింది. అక్కడ విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌ను వివాహమాడింది. తరువాత వారి మిషన్ తెలుగు ప్రాంతానికి మళ్ళడంతో ఆ దంపతులు శ్రీకాకుళం చేరారు. 1880లలో తిరిగి బర్మా వెళ్ళి అక్కడి తెలుగు, తమిళ వలసదారుల మధ్య పనిచేశారు. కూలీలు సముద్రం దాటిన వైపే వారి భాష నేర్చినవారూ దాటారు.

ఆ కూలీల వెంట వెళ్ళగలిగిన పాట ఎలాంటిది? పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు తెలుగు క్రైస్తవ స్తుతికి కీర్తన రూపాన్నిచ్చారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటిలో పాటలకు రాగతాళాల పేర్లుంటాయి. పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది; ఒకరు చరణం ఎత్తుకుంటే మిగిలినవారు పల్లవి అందుకుంటారు. చదువు రానివారికీ పాట కంఠస్థమవుతుంది. పియానో అక్కర లేదు. తాళం వేసే చేతులు చాలు. రెండు మూడేళ్ళకోసారి మనుషులు మారిపోయే వలస సంఘానికి ఇంతకన్నా అనువైన ఆస్తి లేదు. ఆలయాన్ని ఓడ ఎక్కించలేరు గాని కీర్తనను ఎక్కించగలరు.

అయితే పాట ఒక్కటే రక్షణ కాలేదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంపు కోరి సమ్మె చేశారు. యాజమాన్యాలు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నాయి. రాజీ కుదిరాక ఆ బర్మీయులను వెనక్కి పంపేశాయి. ఆ నెల 26న చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా మరణించారు. ఇద్దరు పేదవాళ్ళ మధ్య పెట్టిన పోటీ ఇద్దరినీ కాల్చింది. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు కొండదారుల్లో నడిచి వచ్చారు. 1962 సైనిక పాలన తరువాత జాతీయీకరణ మరో మూడు లక్షలమందిని వెళ్ళగొట్టింది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ తిరుగు ప్రయాణాల గుర్తు. 1960ల మధ్యలో ప్రైవేటు పాఠశాలలు ప్రభుత్వపరమయ్యాయి. విదేశీ మిషనరీలు దేశం విడిచారు. అక్కడే ఉండిపోయిన తెలుగు క్రైస్తవులకు మాతృభాష నిలుపుకోవడానికి మిగిలినవి ఇల్లు, ఆరాధన మాత్రమే.

వలస కూలీల ఆ పాత రంగం నేడు నగరపు పశ్చిమాన, లైంగ్ నది ఆవలి ఒడ్డున ఉన్న లైంగ్‌థార్యార్‌లో కొత్త రూపంలో కనిపిస్తుంది. 1989లో సైనిక ప్రభుత్వం ఏర్పరచిన ఈ పట్టణానికి ఇళ్ళు కోల్పోయిన నగర పేదలు, 2008 నర్గీస్ తుఫాను తరువాత ఐరావతి డెల్టా జనం వచ్చి చేరారు. బట్టల కర్మాగారాలు వారికి పని ఇచ్చాయి. 2014 నాటికి జనాభా దాదాపు 6.9 లక్షలు. 2021 మార్చి 14న, సైనిక కుట్రను నిరసించిన ఇక్కడి శ్రామికులపై భద్రతా బలగాలు కాల్పులు జరిపి పదులకొద్దీ ప్రాణాలు తీశాయి. ఆనాడే సైనిక శాసనం విధించారు.

అంతకు రెండు వారాల ముందు ఉత్తరాన మిచ్చినాలో సిస్టర్ ఆన్ రోజ్ ను తాంగ్ సాయుధ పోలీసుల ఎదుట మోకరిల్లి, యువకులను కాల్చవద్దని వేడుకొంది. ఆరాధనలో వంచే మోకాళ్ళనే ఆమె వీధిలో వంచింది. న్యాయం లేని చోట పాటలను దేవుడు తిరస్కరిస్తాడని ఆమోసు ప్రవక్త హెచ్చరించాడు. పరాయి నేలపై పాడలేని చెరవారి వేదనకు 137వ కీర్తన చోటిచ్చింది. ఈ రెండూ ఉన్న గ్రంథాన్నే సంఘం చదువుతుంది.

కాబట్టి స్తుతిలో నమ్మకత్వం రెండు విధాలుగా పరీక్షకు నిలుస్తుంది. తండ్రుల పాటను మరవకపోవడం మొదటిది. రంగం తెలుగువారికి కీర్తన అందుకు తోడైంది. పక్కవాడి ఏడుపు ఆ పాటలో మునిగిపోకుండా చూడడం రెండవది. రేవులో 1930 నేర్పిన ఆ పాఠాన్నే లైంగ్‌థార్యార్ 2021లో మళ్ళీ అడిగింది. మొదటిది మాత్రమే ఉంటే స్తుతి జ్ఞాపకంగా మిగులుతుంది. రెండవది తోడైనప్పుడే సాక్ష్యమవుతుంది.