మాధ్యమిక విద్యలో చరిత్ర పాఠ్యాంశాల మార్పు (భారతదేశం)

మాధ్యమిక స్థాయి విద్యార్థులు, అంటే తొమ్మిదో తరగతి మొదలుకొని పన్నెండో తరగతి వరకు చదివేవారు, ఏ చరిత్రను తప్పనిసరిగా చదవాలో నిర్ణయించడం, నిర్ణయించినదాన్ని మళ్లీ మార్చడం స్వతంత్ర భారతదేశంలో అర్ధ శతాబ్దానికి పైగా వివాదాల నడుమనే సాగుతూ వస్తున్నాయి. ఈ ప్రక్రియకు మూడు అంచెలున్నాయి. ఏ వయసు పిల్లలకు ఏ విషయాన్ని ఎందుకు, ఎలా బోధించాలో చెప్పే మార్గదర్శక పత్రం విద్యా ప్రణాళికా చట్రం. ఆ చట్రానికి లోబడి తరగతివారీగా ఖరారయ్యే పాఠాల పట్టిక పాఠ్యప్రణాళిక (సిలబస్). దాన్ని అనుసరించి రాసేది పాఠ్యపుస్తకం. నియమం ఇదే అయినా, పబ్లిక్ పరీక్షలో ప్రశ్నలు పుస్తకం దాటి రావన్న నమ్మకం ఉపాధ్యాయుల్లోను, తల్లిదండ్రుల్లోను బలంగా ఉన్నందువల్ల, ఆచరణలో పాఠ్యపుస్తకమే పాఠ్యప్రణాళికగా చలామణి అవుతుంది. అందుకే ఈ దేశంలో చరిత్ర బోధనపై జరిగిన పోరాటాలు ఎక్కువగా పుస్తకం చుట్టూనే తిరిగాయి.

వలస పాలన కాలపు పాఠ్యపుస్తకాలపై బ్రిటిష్ చరిత్రకారుడు జేమ్స్ మిల్ ప్రభావం గాఢంగా ఉండేది. 1817లో వెలువడిన తన గ్రంథంలో ఆయన భారత చరిత్రను హిందూ, ముస్లిం, బ్రిటిష్ యుగాలుగా విడగొట్టగా, మొదటి రెండింటిని పాలకుల మతాన్ని బట్టి, మూడోదాన్ని మాత్రం జాతిని బట్టి పిలిచే ఆ పద్ధతి స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం తరగతి గదిని వీడలేదు. 1952లో ఏర్పడిన మాధ్యమిక విద్యా కమిషన్, కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన పనిచేసి, చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రాలను వేరువేరుగా కాక సాంఘిక శాస్త్రంగా కలిపి బోధించాలని సూచించింది. 1961లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) ఏర్పడింది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు, అంటే కేంద్ర రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల అంశాల పట్టికకు, మార్చడంతో పాఠాల విషయంలో కేంద్రం మాటకు బరువు పెరిగింది.

మండలి తొలితరం చరిత్ర పుస్తకాలను పేరున్న పరిశోధకులే రాశారు. రొమిలా థాపర్ ప్రాచీన భారతం 1966లోను, మధ్యయుగ భారతం 1967లోను కింది తరగతుల కోసం వెలువడగా, పై తరగతులకు రామ్ శరణ్ శర్మ, సతీశ్ చంద్ర, బిపన్ చంద్ర రాశారు. రాజుల వరుసను, యుద్ధాల తేదీలను వల్లె వేయించే పద్ధతికి బదులు భూమి, పన్ను, వర్తకం, కులం వంటి సామాజిక నిర్మాణాలను ముందుకు తెచ్చిన ఆ పుస్తకాలు, పాలకుల మతాన్ని బట్టి యుగాన్ని పిలిచే అలవాటును మాన్పించాయి. ప్రతిఘటన త్వరగానే వచ్చింది. 1977లో జనతా ప్రభుత్వం ఏర్పడిన కొద్ది వారాలకే, రాసినవారి పేరు లేని ఒక వినతిపత్రం ప్రధాని మొరార్జీ దేశాయ్ కార్యాలయం నుంచి విద్యాశాఖకు చేరింది. అందులో థాపర్, బిపన్ చంద్ర తదితరుల పుస్తకాలను ఉపసంహరించాలని కోరారు. పెద్ద దెబ్బ మాత్రం ఆ వినతిపత్రంలో లేని శర్మ పుస్తకానికి తగిలింది. ఇతిహాస పాత్రల చారిత్రకతపై ఆయన వ్యక్తం చేసిన సందేహాలు కొందరికి నచ్చకపోవడంతో, ఆయన రాసిన ప్రాచీన భారతం పుస్తకాన్ని 1978లో కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి (సీబీఎస్‌ఈ) పదకొండో తరగతి నుంచి తొలగించింది. ప్రభుత్వం మారాక అది మళ్లీ విద్యార్థుల చేతికి వచ్చింది.

రెండో ఘట్టం 2000 నాటి ప్రణాళికా చట్రంతో మొదలైంది. కేంద్ర, రాష్ట్ర విద్యామంత్రులు, నిపుణులు కూర్చుని చర్చించే కేంద్రీయ విద్యా సలహా మండలిని సంప్రదించకుండానే దాన్ని ఆమోదించారని అరుణా రాయ్ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్లగా, అలా సంప్రదించకపోవడం చట్రాన్ని రద్దు చేయదగిన లోపం కాదని 2002 సెప్టెంబరులో న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఈలోగా 2001 అక్టోబరులో సీబీఎస్‌ఈ ఒక ఉత్తర్వు జారీ చేసి, వేదకాలంలో గోమాంస భక్షణ, జైన తీర్థంకరుల చారిత్రకత, గురు తేగ్ బహదూర్ మరణం వంటి విషయాలపై పాత పుస్తకాల్లో ఉన్న కొన్ని వాక్యాలను తీసివేయించింది. వాటిని బోధించరాదని మాత్రమే కాదు, తరగతిలో చర్చించనూ రాదని ఆ ఉత్తర్వు పేర్కొంది. పిల్లవాడు లేచి ప్రశ్న అడిగితే ఉపాధ్యాయుడు ఏం చేయాలో అందులో లేదు. ఆ తరువాత వచ్చిన కొత్త పుస్తకాల్లో, తొమ్మిదో తరగతి సమకాలీన భారతం తొలి ముద్రణలో గాంధీ హత్య ప్రస్తావనే లేకపోవడం తీవ్ర విమర్శకు గురైంది. చరిత్రకారుల సంస్థ అయిన భారత చరిత్ర కాంగ్రెస్ ఈ పుస్తకాల తప్పులకు ఏకంగా ఒక సూచికనే 2003లో ప్రచురించింది.

2004లో కేంద్ర ప్రభుత్వం మారగా, యశ్‌పాల్ అధ్యక్షతన రూపొందిన 2005 చట్రం కేవలం పాఠాలను కాక బోధనా దృష్టినే మార్చింది. బట్టీ భారం తగ్గాలని, విద్యార్థి ఆధారాలను చదివి తానే ఆలోచించాలని దాని ఆశయం. నీలాద్రి భట్టాచార్య ముఖ్య సలహాదారుగా వెలువడిన తొమ్మిదో తరగతి పుస్తకంలో ఫ్రెంచి విప్లవం, రష్యా విప్లవం, నాజీయిజంతో పాటు అడవులు, పశుపాలకులు, క్రికెట్, దుస్తులు కూడా చరిత్ర పాఠాలయ్యాయి. దక్కను పీఠభూమిలో పశువులు కాచే గొల్లలకు, గొర్రెలు పెంచి కంబళ్లు నేసే కురుమలకు జాతీయ స్థాయి పుస్తకంలో చోటు దొరికింది. దుస్తుల పాఠం ఈ దృష్టికి మంచి నిదర్శనం. తిరువాన్కూరు సంస్థానంలో శనారు (నాడారు) స్త్రీలు పై వస్త్రం ధరించినందుకు 1822లో నడివీధిలో దాడులకు గురి కావడం, దశాబ్దాల ఘర్షణ తరువాత 1859లో సంస్థాన ప్రభుత్వం వారికి రవిక తొడుక్కునే అనుమతి ఇస్తూనే అగ్రకుల స్త్రీల మాదిరిగా మాత్రం ధరించరాదని షరతు పెట్టడం అందులో ఉండేవి. ఒంటి మీది గుడ్డ కూడా అధికారానికి సంబంధించిన విషయమేనని పద్నాలుగేళ్ల పిల్లలకు ఇంతకంటే సూటిగా చెప్పే పాఠం అరుదు.

పన్నెండో తరగతి పుస్తకం మరో అడుగు ముందుకు వేసి, ప్రతి అధ్యాయాన్ని ఒక రకం ఆధారంతో ముడిపెట్టింది. హరప్పాకు తవ్వకాలు, విజయనగరానికి హంపీ శిథిలాలు, మొగలులకు ఆస్థాన చరిత్రలు ఆధారాలు. విజయనగర అధ్యాయం ఓడరేవుల గురించి కృష్ణదేవరాయలు చెప్పిన మాటలను ఆముక్తమాల్యద నుంచి తీసుకుంది. అయితే ఆ కావ్యాన్ని తెలుగులో రాసిన రాజనీతి గ్రంథమని పరిచయం చేయడం తెలుగువారికి వింతగా తోస్తుంది, ఎందుకంటే అది గోదాదేవి కథను ప్రధానంగా చెప్పే ప్రబంధం, రాజనీతి అందులో చతుర్థాశ్వాసంలో వచ్చే ఒక భాగం మాత్రమే. ఇలాంటి పొరపాటు సవరించదగినదే. పాఠ్యపుస్తకాలకు నిజంగా కావలసిన మార్పు ఈ తరహాదే.

తరువాత జరిగినవి వేరు తరహా మార్పులు. కొత్త పుస్తకం రాసి, రాసినవారి పేర్లు పుస్తకంలో వేసి, విమర్శకు నిలబడే పద్ధతి పోయి, ఉన్న పుస్తకంలోంచి కత్తిరించే పద్ధతి వచ్చింది. దుస్తుల పాఠంలోని కులఘర్షణ భాగాన్ని సీబీఎస్‌ఈ 2016లోనే పక్కన పెట్టగా, 2019లో భారం తగ్గింపు పేరిట ఆ పాఠమూ, క్రికెట్ పాఠమూ, రైతుల పాఠమూ తొమ్మిదో తరగతి నుంచి మొత్తంగా వెళ్లిపోయాయి. కోవిడ్ కారణంగా నష్టపోయిన చదువును దృష్టిలో ఉంచుకొని చేపట్టిన 2022 నాటి హేతుబద్ధీకరణ, అంటే పాఠాల కుదింపు, పన్నెండో తరగతి నుంచి మొగలు ఆస్థానాల అధ్యాయాన్ని, వలస నగరాల అధ్యాయాన్ని, దేశ విభజన అధ్యాయాన్ని, పదకొండో తరగతి నుంచి పారిశ్రామిక విప్లవాన్ని తీసివేసింది. మొగలుల కాలపు రైతులు, జమీందారుల అధ్యాయం మిగిలింది కాబట్టి మొగలులు పూర్తిగా పోయారనడం సరికాదు. కానీ విభజన అధ్యాయం, బతికి బయటపడినవారి జ్ఞాపకాలను ఆధారంగా ఎలా చదవాలో నేర్పిన పాఠం. దాన్ని మరో పాఠం భర్తీ చేయలేదు. పైగా గాంధీ హంతకుడి పరిచయ వాక్యంలోని కొన్ని మాటలు ప్రకటించిన జాబితాలో లేకుండానే మాయమైనట్టు 2023 ఏప్రిల్‌లో బయటపడింది. అదే ఏడాది జూన్‌లో, ఇలాంటి కత్తిరింపులను నిరసిస్తూ, రాజనీతి శాస్త్ర పుస్తకాల ముఖ్య సలహాదారులు సుహాస్ పల్శీకర్, యోగేంద్ర యాదవ్ ఆ పుస్తకాల నుంచి తమ పేర్లు తీసివేయాలని ఎన్‌సీఈఆర్‌టీని కోరారు. 2023 చట్రం ఆధారంగా కొత్త పుస్తకాలు 2024లో ఆరో తరగతితో మొదలై పై తరగతులకు విస్తరిస్తున్నాయి.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు రాష్ట్రాలకు తప్పనిసరి కావు. రాష్ట్రం వాటిని యథాతథంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, సొంతంగా రాసుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో సొంత చట్రం తయారు చేసుకొని సాంఘిక శాస్త్రాన్ని తిరగరాసింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ తన పదో తరగతి పుస్తకంలో రాష్ట్ర సాధన ఉద్యమాన్ని ప్రత్యేక అధ్యాయంగా చేర్చింది. పిల్లల తల్లిదండ్రులు స్వయంగా పాల్గొన్న ఉద్యమం పాఠంగా మారడం భారతీయ పాఠ్యపుస్తకాల్లో అరుదైన విషయం. ఆంధ్రప్రదేశ్ అందుకు భిన్నంగా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల వైపు మళ్లగా, 2024-25 నాటికి ఆ మార్పు పదో తరగతికి చేరింది. దాంతో అక్కడి విద్యార్థులు అల్లూరి సీతారామరాజు నడిపిన గూడెం కొండల తిరుగుబాటును జాతీయ పుస్తకం చెప్పిన తీరులోనే చదువుతున్నారు. సహాయ నిరాకరణ ఉద్యమాన్ని వివరించే భాగంలో, గాంధీని మెచ్చుకుంటూ ఖద్దరు కట్టమని, తాగుడు మానమని చెబుతూనే ఆయుధం పట్టక తప్పదన్న సీతారామరాజు క్లుప్తంగా కనిపిస్తాడు; 1924లో ఆయనను పట్టుకొని చంపారని ఆ పుస్తకం చెబుతుంది.