చాకలి మోసిన రాజ్యము

శ్రీ సిటీ కర్మాగారములు వెలసిన సత్యవేడు సీమకు పడమట చంద్రగిరియు, వాయవ్యమున వెలుగోటివారి వెంకటగిరియు గలవు. ఈ నేల అరవీటి ప్రభువుల యేలుబడిలో నుండిన కాలమున, 1614 అక్టోబరులో, రెండవ వేంకటపతిరాయలు అవసానదశయందు, రాణి తన కుమారుఁడని చూపుచుండిన బాలుని కాదని, సోదరపుత్రుఁడైన శ్రీరంగరాయలను వారసునిగా నిర్ణయించి కన్నుమూసెను.

రాణి పుట్టినింటివాఁడైన గొబ్బూరి జగ్గరాజు, క్రొత్త రాయలకు మ్రొక్కిన చేతులతోనే ఆతనిని సకుటుంబముగా వేలూరుకోటలో బంధించి, ఆ బాలునికి పట్టముగట్టెను. సామంతులు పెక్కుమంది బలమున్న దిక్కునకు ఒరగిరి. ఒరగనివాఁడు వెలుగోటి యాచమనాయఁడు.

ఆతని రాజభక్తిని పొగడువారు ఖడ్గమునే తలఁతురు. నాకు ఆతని వివేకము మిన్నగా తోఁచును. చాలని సేనతో కోటగోడలకు తల కొట్టుకొనక, కావలివారు సోదా చేయని దారి యేదియని విచారించి, రాయల బట్టలుతుకు చాకలిని ఆశ్రయించెను. మాసిన బట్టల మూటలో సుమారు 12 ఏండ్ల రాకుమారుఁడు రాముఁడు కావలి దాఁటి వెలువడెను. గొబ్బూరివారితో స్పర్ధ గల నాయనికి ఈ భక్తిలో స్వలాభము కొంత కలదేమో కాని, పట్టువడినచో తల పోఁగొట్టుకొనవలసిన ఆ చాకలికి ఏ రాజ్యము దక్కును? 1616లో ఈ వృత్తాంతమును వ్రాసిన పోర్చుగీసు మతగురువు బర్రాదాసు ఆతని పేరు చెప్పలేదు. ఆ లోపము నన్ను బాధించును.

సొరంగము త్రవ్వి తప్పించుకొనఁజూచిన శ్రీరంగరాయల యత్నము బయటపడఁగా, జగ్గరాజు ఆ కుటుంబమును నిర్మూలింపఁజేసెను. భయము గొలిపి రాజ్యము నిలుపుకొందమనుకొన్న ఆతని లెక్క ఇచటనే తప్పెను: అంతవఱకు ఊరకుండిన ప్రభువులు ఆ ఘోరమునకు రోసి, బ్రదికియున్న రాముని పక్షమున చేరిరి. మధుర నాయకుఁడు జగ్గరాజునకును, తంజావూరు రఘునాథనాయకుఁడు యాచమనాయనికిని తోడైరి. కావేరీతీరమున తోపూరు యుద్ధమున జగ్గరాజు హతుఁడయ్యెను.

అయినను ఆతని సోదరుఁడు ఎతిరాజు పోరు విడువలేదు. తుదకు రాముఁడు, రామదేవరాయలై, ఎతిరాజు కుమార్తెను పెండ్లియాడి సంధిచేసికొనెను. తన్ను బ్రదికించిన యాచమనాయఁడు ఆ సంబంధమును సహింపలేక దూరమయ్యెను. రాయలను కృతఘ్నుఁడని నిందింప నాకు మనసొప్పదు. ఏండ్ల తరబడి మండిన దేశమును చల్లార్చుటకు ఆ యువకునికి వేఱుదారి కానరాలేదు. ఆతఁడు సుమారు 1630 వఱకు రాజ్యము చేసెను.