వెండిపై కట్టడాలు: బర్మింగ్‌హామ్ పెట్టెలు, పురానీ హవేలీ నమూనాలు

చంపాపేట్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల దుకాణాల్లో పాత వెండికి సాధారణంగా తూకమే విలువ. పనితనం, వయసు లెక్కలోకి రావు. సేకర్త మాత్రం ఆ వస్తువును చారిత్రక ఆధారంగా చూస్తాడు. కట్టడాల రూపాలున్న వెండి వస్తువుల ఆధారంగా ఈ భేదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

19వ శతాబ్దపు పూర్వార్ధం చివరి దశలో బర్మింగ్‌హామ్ పనివారు చిన్న వెండి పెట్టెల మూతలపై విండ్సర్, వారిక్ కోటలను, రచయిత వాల్టర్ స్కాట్ నివాసమైన అబాట్స్‌ఫర్డ్‌ను ఉబ్బెత్తుగా మలిచారు. సేకర్తలు వీటిని ‘క్యాజిల్ టాప్’ పెట్టెలంటారు. కొన్ని విజిటింగ్ కార్డులకు, మరికొన్ని సుగంధ ద్రవంలో తడిపిన స్పాంజికి ఉద్దేశించినవి. ఈ పనిలో నథానియల్ మిల్స్ ప్రసిద్ధుడు. స్కాట్ రచనలు, రైలు ప్రయాణాలు కోటల సందర్శనను వ్యాప్తి చేయగా, ఈ పెట్టెలు యాత్రా జ్ఞాపికలయ్యాయి. 1773లో ఏర్పడిన బర్మింగ్‌హామ్ పరీక్షా కార్యాలయపు లంగరు ముద్ర, సంవత్సరాన్ని సూచించే అక్షరం, తయారీదారు పొడి అక్షరాలు వీటి పుట్టుకను నేటికీ చెబుతాయి.

హైదరాబాద్‌లో వీటికి సన్నిహితమైన ఉదాహరణ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవాలు 1937లో జరిగాయి. ఆ సందర్భపు కానుకల్లో నగరంలోని ప్రముఖ కట్టడాల వెండి నమూనాలున్నాయి. ఆంగ్ల యాత్రికుడు తాను చూసిన కోట బొమ్మను కొనుక్కున్నాడు. ఇక్కడ నగరపు కట్టడాలే వెండి రూపంలో పాలకునికి కానుకలయ్యాయి. లోహం ఒక్కటే, ఇతివృత్తమూ ఒక్కటే. సామాజిక సంబంధం వేరు.

సన్నని వెండి తీగలను మెలిపెట్టి, చుట్టలుగా అమర్చి, అతికే కరీంనగర్ ఫిలిగ్రీ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ పనితో అత్తరుదానులు, పాన్‌దానులు తయారయ్యాయి. అయితే బర్మింగ్‌హామ్ తరహా వార్షిక ముద్రల వ్యవస్థ ఇక్కడ లేకపోవడంతో, ఇంటి వస్తువు చరిత్ర కుటుంబ జ్ఞాపకంపైనే ఆధారపడుతుంది. వస్తువు అమ్ముడైతే ఆ జ్ఞాపకం దాని నుంచి విడిపోతుంది. కరిగిపోతే పోల్చి చూడటానికి పనితనమూ మిగలదు.

2018లో ఇదే మ్యూజియం నుంచి చోరీ అయిన బంగారు టిఫిన్ డబ్బాను పోలీసులు స్వాధీనం చేసుకోగలిగారు. కరిగించిన పాన్‌దానుకు ఆ అవకాశం లేదు. కనుక ఇళ్లలోని పాత వెండి ఛాయాచిత్రం, కొలతలు, బరువు, చెక్కిన పేర్లు, వాడుక వివరాలను అమ్మకానికి ముందే నమోదు చేయడం ప్రాంతీయ చరిత్ర పరిశోధకులు చేపట్టవలసిన పని.