కంటి వెనుక చుక్క: యంత్ర పరిశీలన చరిత్ర

లెక్కలు చేసే యంత్రానికి రూపకల్పన చేసిన చార్లెస్ బాబేజ్ 1847లోనే బతికున్న మనిషి కంటి లోపలికి చూడగల పరికరాన్ని తయారుచేసినా, దాన్ని పరీక్షించిన కంటివైద్యుడు దాని విలువను గుర్తించలేకపోవడంతో, ఆ కీర్తి 1851లో తన పరికరాన్ని వివరిస్తూ గ్రంథం ప్రకటించిన జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్‌కు దక్కింది. ఒకే బుర్రలో పుట్టిన ఆ రెండు ఆలోచనలూ కలుసుకోవడానికి నూట ముప్పై ఏళ్లకు పైనే పట్టింది.

అంతకుముందు, వైద్యుడు చూసినది చిత్రంగా నిలవవలసి ఉంది. 1886లో ఇంగ్లండ్‌లో జాక్‌మన్, వెబ్‌స్టర్ రెటీనాను, అంటే కంటి వెనుక వెలుతురును గ్రహించే పొరను, ఫొటో తీయడానికి రెండున్నర నిమిషాలు పట్టగా, 1926లో జైస్ సంస్థ తెచ్చిన నార్డెన్‌సన్ కెమెరాతో ఆ పని వైద్యశాలకు అందుబాటులోకి వచ్చింది. 1961లో నొవొట్నీ, ఆల్విస్ ఫ్లోరెసిన్ అనే రంగును నరంలోకి ఎక్కించి, రెటీనా రక్తనాళాలు మెరుస్తుండగా ఫొటోలు తీసే పద్ధతిని ప్రకటించారు.

మధుమేహం వల్ల సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడి ఉబ్బినచోట ఏర్పడే మైక్రోఎన్యూరిజమ్ అనే బుడిపె ఆ ఫొటోలో తెల్లని చుక్కలా కనిపిస్తుంది. 1984లో ఫ్రాన్స్‌కు చెందిన లే, క్లైన్ తదితరులు ఆ చుక్కను కంప్యూటర్‌తో పట్టించిన ఉపాయం చూడముచ్చటైనది: చిన్న సరళరేఖను అన్ని దిక్కులకూ తిప్పుతూ పోతే, పొడవైన రక్తనాళంలో అది ఏదో ఒక దిక్కున ఇముడుతుంది కానీ గుండ్రని చుక్కలో ఏ దిక్కునా ఇమడదు కనుక, రేఖ ఇమిడినదంతా తీసివేస్తే మిగిలేది చుక్కే.

ఆ తర్వాతి కాలంలో కంప్యూటర్‌కు నియమాలు చెప్పడం మాని ఉదాహరణలు చూపి నేర్పే పద్ధతి పైచేయి సాధించింది. 2016లో వెలువడిన గూగుల్ పరిశోధనకు అమెరికా నుంచీ, మదురై అరవింద్ సహా మూడు భారతీయ కంటి ఆసుపత్రుల నుంచీ సేకరించిన 1,28,175 చిత్రాలలో ఒక్కొక్కదాన్ని 54 మంది వైద్యుల బృందం మూడు నుంచి ఏడుసార్లు పరిశీలించి, మధుమేహం వల్ల వచ్చే రెటీనా వ్యాధి తీవ్రతను నిర్ణయించింది. ఒకే చిత్రంపై వైద్యుల తీర్పులు తరచూ వేరుపడతాయి గనుక అన్నిసార్లు చూడక తప్పలేదు. యంత్రం నేర్పుగా పేరుపొందినదానిలో పెద్ద వాటా నిజానికి ఈ చాకిరీదే.

2018 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, వైద్యుడు చిత్రాన్ని చూడనక్కర లేకుండానే ఆ వ్యాధిపై ఫలితం చెప్పే తొలి పరికరంగా ఐడీఎక్స్-డీఆర్‌ను అనుమతించింది. చిత్రం స్పష్టంగా ఉంటే అది ఇచ్చే జవాబులు రెండే: కంటివైద్యుడి దగ్గరికి వెళ్లాలి, లేదా పన్నెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.