మోడును దాటిన నాగలి

1843 నవంబరు. మనకు చలి మొదలయ్యే ఆ నెలలో దక్షిణ ఆస్ట్రేలియాలో ఎండలు ముదురుతాయి. అడిలైడ్ చుట్టుపక్కల గోధుమ పండి నిలబడింది, కోసేవాళ్ళు లేరు. ఆ కాలనీ పుట్టి అప్పటికి ఏడేళ్ళే. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళకు భూమి దొరికింది, విత్తనం దొరికింది, కూలీ మాత్రం దొరకలేదు. పండిన గోధుమ ఆగదు. వడగాలి కొడితే గింజ నేల రాలిపోతుంది. కోత యంత్రం నమూనాలు తెచ్చి చూపించండి, బహుమతి ఇస్తామని అడిలైడ్‌లో ఒక కమిటీ ప్రకటించింది. కొందరు తెచ్చారు కూడా. కమిటీకి ఏదీ నచ్చలేదు, బహుమతి ఎవరికీ దక్కలేదు.

ఆ వెంటనే జాన్ రిడ్లీ అనే పిండిమర యజమాని తన యంత్రాన్ని నేరుగా చేలోకి దింపాడు. హిండ్‌మార్ష్‌లో ఆయనకు ఆవిరితో నడిచే మర ఉండేది. ఆ ఆలోచన నాదేనని మౌంట్ బార్కర్ రైతు జాన్ బుల్ చాలా ఏళ్ళు వాదించాడు. కమిటీకి చూపిన నమూనాల్లో బుల్‌దీ ఒకటి. రోమన్ల కాలంలో గాల్ దేశస్థులు వాడిన ఒక కోతబండి గురించి వ్యవసాయ విజ్ఞాన సర్వస్వంలో చదివాను, అదే నాకు దారి చూపింది అన్నాడు రిడ్లీ. ఈ తగాదాను పుస్తకాల్లో ఇంకా తవ్వుతూనే ఉన్నారు. నేను జీవితమంతా ట్రాక్టర్ల కిందా, కోత మిషన్ల కిందా పడుకుని పనిచేసినవాణ్ణి. ఒకే ఇబ్బంది పడుతున్న ఇద్దరు మెకానిక్కులకు ఒకే ఉపాయం తట్టడం నాకు వింతేమీ కాదు. నాకు పెద్దగా తోచేది ఇంకొకటి: రిడ్లీ దానికి పేటెంటు తీసుకోలేదు. ఊరూరా కమ్మరులు చూసి చేసుకున్నారు.

ఆ యంత్రం పేరు స్ట్రిప్పర్. ముందు ఇనప పళ్ళ దువ్వెన ఉంటుంది. చేలో నడుస్తుంటే వెన్నులు ఆ పళ్ళ సందుల్లోకి దూరి, మెడ దగ్గర ఇరుక్కుంటాయి. వెనక గిర్రున తిరిగే రెక్కలు ఆ వెన్నుల్ని కొట్టి తెంపుతాయి. గింజ, పొట్టు, విరిగిన వెన్ను అన్నీ కలిసి వెనక పెట్టెలో పడతాయి. గడ్డి చేలోనే నిలబడి ఉంటుంది. రెక్కలకు శక్తి బండి చక్రం నుంచే వస్తుంది, పట్టీ ద్వారా. మొదటి యంత్రాన్ని పశువులు వెనక నుంచి తోసేవి. తర్వాతి వాటిని పక్క నుంచి లాగేలా మార్చారు. తడి ఉంటే ఇది పనిచేయదు, వెన్ను సాగుతుంది గాని తెగదు. అందుకే ఇంగ్లండు పొలాల్లో దీనికి చోటు లేదు. అడిలైడ్ ఎండకు వెన్ను పెళుసుబారి ఉంటుంది కనుకే సరిపోయింది.

పెట్టె నిండాక చేను అంచున పరదా మీద గుమ్మరించి, చేత్తో తిప్పే తూర్పార యంత్రంలో పోసేవాళ్ళు. ఆ దుమ్ము ఎలాంటిదో నాకు తెలుసు. మా పశ్చిమ గోదావరిలో కుప్ప నూర్చి, చేటలతో ఎగరబోసే రోజులు నా చిన్నతనంలో చూశాను. కల్లంలో ఉన్నవాడికి ఒళ్ళంతా దురద, కళ్ళలో నలక. స్ట్రిప్పర్ కోతనూ నూర్పునూ ఒక్కటి చేసింది గాని, తూర్పార మాత్రం నలభై ఏళ్ళపాటు మనిషి ఊపిరితిత్తుల మీదే నడిచింది.

అదే 1840ల్లో మన కోరంగి రేవు నుంచి తెలుగువాళ్ళు మారిషస్ చెరకు తోటలకు ఒప్పందం కూలీలుగా ఓడలెక్కుతున్నారు. అక్కడా తెల్లదొరలకు చేతులే కావాలి. బానిసత్వం రద్దయ్యాక చెరకు నరికే చేతులు. ఒక చోట కూలీ కొరతకు యంత్రం జవాబైంది, ఇంకోచోట మన తాత ముత్తాతలు జవాబయ్యారు. వలసరాజ్యాల వ్యవసాయ చరిత్ర చదివేవాళ్ళు ఈ రెంటినీ వేర్వేరు అధ్యాయాల్లో పెడతారు. నాకవి ఒకే అధ్యాయం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా అంతా మాగాణి అయినా కొడవలి పోలేదంటే, చౌకగా దొరికే చేతులు ఉండబట్టే.

ఇంగ్లండు కంపెనీలు కాలనీలకు అమ్మిన సరుకు ఇంతా అంతా కాదు. లింకన్‌లో క్లేటన్ అండ్ షటిల్‌వర్త్, గెయిన్స్‌బరోలో మార్షల్ కంపెనీల ఆవిరి ఇంజన్లు ప్రపంచమంతా తిరిగాయి. ఇప్స్విచ్‌లోని రాన్సమ్ కంపెనీ నాగళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1803లో రాబర్ట్ రాన్సమ్ పోత ఇనప కర్రుకు పేటెంటు తీసుకున్నాడు. పోత పోసేటప్పుడు కర్రు అడుగుభాగం త్వరగా చల్లారేలా చేస్తే అటువైపు గట్టిపడుతుంది, పైవైపు మెత్తగా ఉంటుంది. దున్నుతున్న కొద్దీ పైవైపు అరుగుతుంది, అడుగు అరగదు. దాంతో కర్రు తనంతట తానే పదునెక్కుతూ ఉంటుంది. ఎంత చక్కటి ఆలోచన! కాని అది తరతరాలుగా దున్నిన మెత్తటి నేలకోసం పుట్టింది. గట్టిపడిన పోత ఇనుముకు దెబ్బ తగిలితే ముక్కలవుతుంది.

దక్షిణ ఆస్ట్రేలియా యార్క్ ద్వీపకల్పంలో మాలీ అనే యూకలిప్టస్ పొదలు ఉండేవి. పైన సన్నటి కొమ్మలు, కింద కంద గడ్డలా ఉబ్బిన దుంగ వేరు. కొట్టేస్తే మళ్ళీ చిగురిస్తుంది, పెకలించాలంటే ఎకరం తేల్చడానికి బతుకు చాలదు. వాస్లీస్ ప్రాంతపు రైతు మల్లెన్ ఒక తోవ చూపాడు: బరువైన రోలర్ లాగించి పొదల్ని నలగ్గొట్టడం, ఎండాక తగలబెట్టడం, వేళ్ళు నేలలోనే ఉండగా విత్తడం. మంటకు పైది పోయింది. కింది మోడులు మాత్రం కర్రును విరగ్గొట్టి, నొగ వంచి, మేడి పట్టినవాడి పక్కటెముకలు అదరగొట్టేవి.

1876లో రిచర్డ్ బోయర్ స్మిత్ అనే ఆయన అలా దున్నుతుండగా కర్రును పట్టి ఉంచే బోల్టు ఒకటి విరిగిందని, విరిగిన కర్రు మోడు తగలగానే పైకి లేచి, దాటాక మళ్ళీ నేలలోకి దిగిందని చెబుతారు. తమ్ముడు క్లారెన్స్‌తో కలిసి దాన్ని కావాలనే అలా ఉండేట్టు తయారుచేశాడు. మూడు కర్రుల ఆ నాగలికి 'విక్సెన్' అని పేరు పెట్టి ఆ ఏడే మూంటా ప్రదర్శనకు తెచ్చారు. తర్వాత క్లారెన్స్ ఆర్డ్రోసన్‌లో కర్మాగారం పెట్టాడు. 1882లో పార్లమెంటు రిచర్డ్‌కు 500 పౌండ్ల బహుమానం ఇచ్చింది.

ఆస్ట్రేలియాలో ఉండే మా అబ్బాయి ఆర్డ్రోసన్ తీసుకెళ్తే అక్కడి మ్యూజియంలో ఆ రకం నాగలి ముందు చాలాసేపు నిలబడ్డాను. ప్రతి కర్రుకూ విడిగా ఒక కీలు ఉంది. కీలుకు పైన చాచిన కడ్డీ, దాని చివర ఒక బరువు. కర్రు మోడుకు తగిలి వెనక్కి లేచినప్పుడు ఆ బరువూ లేస్తుంది, మోడు దాటగానే అదే కర్రును నేలలోకి నొక్కుతుంది. స్ప్రింగు లేదు, పల్లెలో దొరకని విడిభాగం ఒక్కటీ లేదు. ఏ కమ్మరి అయినా బాగుచేయగలడు. యంత్రం అమ్మేవాడికన్నా వాడేవాడి కష్టం తెలిసినవాడు చేసిన వస్తువని చూడగానే తెలుస్తుంది.

ఆ నేల ఖాళీగా ఏమీ లేదు. యార్క్ ద్వీపకల్పం నరుంగ్గా ప్రజలది. 1868లో పాయింట్ పియర్స్‌లో మిషన్ పెట్టి వాళ్ళను అక్కడికి చేర్చారు. నాగలి ఎంత గొప్పదని నేను మురిసిపోయినా, అది దున్నింది వాళ్ళ నేలనే.

నాగళ్ళతో పాటు ఇంకా ఎన్నో వచ్చేవి. బ్రిస్టల్‌లో లైసాట్ కంపెనీ చేసిన ముడతల రేకు ఓడల్లో దిగితే అదే ఇంటి కప్పయింది, ఆ కప్పు మీద పడ్డ వాన చుక్కే తొట్టెలో తాగునీరైంది. విక్టోరియాలోని షెపర్టన్‌లో కమ్మరి జాన్ ఫర్ఫీ 180 గ్యాలన్ల నీటిబండి చేసి అమ్మాడు. సరుకు చాలావరకు అప్పు మీద నడిచేది, పంట చేతికొచ్చాక తీర్చే నోట్ల మీద. 1865లో సర్వేయర్ జనరల్ జార్జ్ గోయ్‌డర్ మ్యాపు మీద గీత గీసి, దీనికి ఉత్తరాన వానను నమ్మి గోధుమ వేయొద్దన్నాడు. 1870ల్లో నాలుగు మంచి వానలు పడగానే జనం ఆ గీత దాటారు. 1880ల కరువుల్లో వెనక్కి వచ్చారు. అప్పు చేసి కొన్న యంత్రం వాన కురిపించదు. మా ఊళ్ళో ట్రాక్టరు కిస్తీలు కట్టలేక పొలం అమ్ముకున్నవాళ్ళు నాకు గుర్తొస్తారు.

కోతా, నూర్పూ, తూర్పారా మూడూ ఒకే యంత్రంలో చేర్చాలని విక్టోరియాలో 1880ల్లో చాలామంది కుస్తీ పట్టారు. జేమ్స్ మారో వారిలో ముందున్నాడు. ఎల్మోర్ దగ్గర డ్రమ్మార్టిన్ రైతు కొడుకు హ్యూ విక్టర్ మెకే ఇరవై కూడా నిండకుండానే పొలం గట్టు కొలిమిలో పాత యంత్రాల ముక్కలు అతికించి ఒకటి నడిపించాడు, 1885లో పేటెంటు తీసుకున్నాడు. దాని పేరే తర్వాత 'సన్‌షైన్ హార్వెస్టర్'. 1906లో మెల్‌బోర్న్ పడమర బ్రేబ్రుక్ జంక్షన్‌కు కర్మాగారం తరలిస్తే, మరుసటేడు ఆ ఊరే సన్‌షైన్ అయింది. మెల్‌బోర్న్ శివారు టార్నెట్‌లో ఉండే మా అబ్బాయి లాంటి తెలుగువాళ్ళు వందలమంది రోజూ ఆ ఊరి స్టేషన్ మీదుగా పనికి వెళ్తారు.

మెకేకు పోటీ కెనడా మాసీ-హారిస్. నా చేతులు నల్లబడింది ఆ కంపెనీ వారసత్వపు ఎర్ర మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదే. విదేశీ హార్వెస్టర్ల మీద సుంకం వేయాలని మెకే పట్టుబట్టి సాధించాడు. దానితో ఒక షరతు వచ్చింది. దేశీయ తయారీదారుకు ఎక్సైజు పన్ను తప్పాలంటే పనివాళ్ళకు న్యాయమైన కూలీ ఇవ్వాలి. మెకే ఇస్తున్నది న్యాయమైన కూలీయేనా అని 1907లో న్యాయమూర్తి హిగ్గిన్స్ విచారించాడు. మెకే మామూలు కూలీకి రోజుకు 6 షిల్లింగులు ఇస్తున్నాడు. కార్మికుల భార్యలు కోర్టుకొచ్చి ఇంటి అద్దె, కట్టెలు, సరుకుల లెక్కలు చెప్పారు. భార్యా ముగ్గురు పిల్లలూ ఉన్న మనిషి మర్యాదగా బతకాలంటే రోజుకు 7, వారానికి 42 షిల్లింగులు కావాలని తీర్పు వచ్చింది. 1908లో హైకోర్టు ఆ ఎక్సైజు చట్టాన్నే కొట్టేసింది, మెకే నెగ్గాడు. అయినా ఆ ఆడవాళ్ళ లెక్కల మీద హిగ్గిన్స్ కట్టిన కొలత దశాబ్దాలపాటు ఆస్ట్రేలియా అంతటా కూలీ నిర్ణయాలకు ఆధారంగా నిలిచింది.