లిప్ బామ్, చర్మపు క్రీము: పదార్థాల పోలిక

పెదవులకు రాసే లిప్ బామ్, ఒంటికి రాసే మాయిశ్చరైజర్ క్రీము రెండూ తేమను కాపాడేవే అయినా వాటి కూర్పు వేరు. క్రీములో సాధారణంగా అన్నిటికంటే ఎక్కువగా ఉండేది నీరు. అందులో నూనెలు కలవడానికి ఎమల్సిఫయర్లు, తేమను పట్టి ఉంచడానికి గ్లిజరిన్, సూక్ష్మజీవులు పెరగకుండా ఫినాక్సీఇథనాల్ వంటి నిల్వకారకాలు చేరుస్తారు. లిప్ బామ్‌లో నీరు దాదాపు ఉండదు. తేనెమైనం, కార్నాబా మైనం, ఆముదం, షియా వెన్న, పెట్రోలియం జెల్లీ దాని ముడిసరుకులు. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ రెండింటిలోనూ కనిపిస్తుంది.

ఈ తేడాకు కారణం పెదవుల నిర్మాణమే. ఎర్రటి భాగంలో పైపొర పలుచన. చెమట గ్రంథులు ఉండవు, నూనె గ్రంథులు చాలా తక్కువ. తేమ త్వరగా ఆవిరైపోతుంది కాబట్టి పైన మూతలా నిలిచే పదార్థం కావాలి. 1872లో అమెరికాలో రాబర్ట్ చీస్‌బ్రో పేటెంట్ పొందిన వాసెలిన్ అనే పెట్రోలియం జెల్లీ చేసేది ఈ పనే. చలికాలంలో తెలుగు ఇళ్లలో పెదవులకు రాసుకునే వెన్న, నెయ్యి కూడా కొంతవరకు ఇందుకే పనికొస్తాయి.

బామ్‌లలోని మెంథాల్, కర్పూరం చల్లగా అనిపించినా పగిలిన పెదవులను మండించగలవు; అప్పుడు సువాసన లేని సాదా పెట్రోలియం జెల్లీయే మేలు. పైగా పెదవులకు రాసినది కొంత కడుపులోకీ పోతుంది. లేబుల్‌పై పదార్థాలను సాధారణంగా ఎక్కువ పాళ్ల నుంచి తక్కువకు వరుసగా ముద్రిస్తారు. కొనేముందు మొదటి నాలుగైదు పేర్లయినా చదవండి.